తగువు సోడా

"నేను తాగను," అంది సుధారాణి.

పొయ్యిమీద అల్లం కషాయం కుతకుతమంటోంది. అడుగంటకుండా గరిటె తిప్పుతున్న ఖమ్రున్నీసా చేయి ఆ మాటకు ఆగింది.

"ఇంకా ఎవరూ రానే లేదు. అప్పుడే తాగనంటే ఎట్లనే?"

"వచ్చినాక అందరి ముందర చెప్పేకన్నా నీకు ముందే చెప్తాండా. సోడా నీది, ఆనవాయితీ నీది. నీకు చెప్పకుండా చేస్తే బాగుండదు."

బుధవారం సాయంత్రం జమ్మలమడుగు బస్టాండులో చేతిసంచితో దిగి, నేరుగా ఈ సోడా కార్ఖానాకు నడిచి వచ్చిన సుధారాణి ఇంతవరకూ ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు. వేముల దగ్గర ఒక పల్లెకు సర్పంచి ఆవిడ. ఏడవని మనిషిని ఓదార్చడం ఎలాగో తెలియక ఖమ్రున్నీసా నాలుగు రోజులూ పూటపూటా అన్నం పెట్టి, ఏమీ అడగకుండా ఊరుకుంది. స్నేహితురాలంటే అలా ఉండాలి. అడిగి అడిగి ప్రాణం తీసేవాళ్ళు చుట్టాల్లో చాలామంది ఉంటారు.

అడగకుండా ఊరుకోవడం ఖమ్రున్నీసా అత్త బిస్మిల్లా బీకి చేతకాదు. గడపమీద కూర్చుని అల్లం పొట్టు గీకుతూ ఆమె మొదలుపెట్టింది.

"తాగితే ఏం పోతాది బేటీ? సగం సోడా. గొంతులో పోసుకోని మగని కారెక్కి ఇంటికి పో. కొట్లాడేదానికైనా మగడు ఎదురుగా ఉండాడు నీకు. మా కోడలికి కొట్లాడల్లంటే కువైట్‌కు ఫోన్ చేయాల."

"అమ్మీ, ఆయనతో కొట్లాడేదానికి నాకు యాడ తీరిక ఉండాది?" అంది ఖమ్రున్నీసా నవ్వి.

సుధారాణి నవ్వలేదు. "మొగుడూ పెండ్లాల కొట్లాట అయితే నేను ఎప్పుడో పోయింటా అమ్మా. ఇది ఆ కొట్లాట కాదు."

"మరి ఏందమ్మా?"

సుధారాణి పైటకొంగు ముడి ఒకసారి తడిమి చూసుకుంది. ఆ ముడిలో ఏముందో ఖమ్రున్నీసాకు తెలుసు. వేలెడంత డాంగిలు. సర్పంచి సంతకం దాంట్లోనే ఉంటుంది; కంప్యూటరుకు అది గుచ్చితేగాని పంచాయతీలో ఏ బిల్లూ కదలదు. సర్పంచి సుధారాణి పేరుమీద ప్రభుత్వం ఇచ్చిన ఆ వస్తువు, ఇచ్చిన రోజు నుంచీ ఆమె మొగుడు శివ చొక్కా జేబులోనే తిరిగింది. సంతకమూ ఆయనదే, కుర్చీ ఆయనదే, మాటా ఆయనదే. జెండా పండగనాడు కొబ్బరికాయ కొట్టడానికి మాత్రం సుధారాణి కావాలి.

బుధవారం పొద్దున గ్రామసభలో పీర్లచావిడి వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలు తెచ్చి ముందర పెట్టారు. మా వీధికి నీళ్ళ పైపు ఎప్పుడు వేస్తారమ్మా అని అడిగారు. సుధారాణి కార్యదర్శిని అడిగితే, ఆయన తల గోక్కుంటూ, పైపు వేసేసినట్టు బిల్లు తయారై ఉంది మేడం, మీ డాంగిలు ఒక్కటే తరువాయి అన్నాడు. అప్పుడు మొదటిసారి ఆమె వెళ్ళి సర్పంచి కుర్చీలో కూర్చుంది. లేని పైపుకు బిల్లు పెట్టను అంది. శివ వచ్చి, ఊరంతా చూస్తుండగా, "లేసి ఇంటికి పో," అన్నాడు.

ఆమె లేచింది. బిల్లుకోసం శివ బల్లమీద పెట్టిన డాంగిలు తీసుకుని మరీ లేచింది. ఇంటికి మాత్రం పోలేదు.

ఖమ్రున్నీసా ఫోను మోగింది. నారాయణ. ప్రొద్దుటూరులో బట్టల కొట్టు, పదో తరగతిలో క్లాసు లీడరు. ఇన్నేళ్ళయినా ఆ పదవి దిగలేదు. చేతులకు చక్కెర అంటుకుని ఉండటంతో ఖమ్రున్నీసా మోచేత్తో స్పీకరు నొక్కింది.

"ఖమ్రూ, శివ ముద్దనూరు దాటినాడంట. నేనూ అన్సరూ బయల్దేరినాం. ఈసారి మొదటి సోడా వాళ్ళిద్దరిదే. తాగించి కార్లో ఎక్కించేస్తే అయిపాయ, మంచి పని చేసినట్టు ఉంటాది. డాంగిలు మాత్రం మర్చిపోకుండా తీసుకోని పొమ్మని సుధకు చెప్పు. శివ పదేపదే చెప్పినాడు."

ఫోను ఆగిపోయింది. కషాయం పొంగు మీదికి వచ్చింది. ఖమ్రున్నీసా గబుక్కున మంట తగ్గించింది.

"నేను ఎట్ల ఉండానో అడగలేదు చూడు," అంది సుధారాణి మెల్లగా.

* * *

ఈ సోడా కథ కొంచెం చెప్పాలి.

సుధారాణి, శివ, ఖమ్రున్నీసా అంతా కలిసి చదివిన ఈ పదో తరగతి బ్యాచి మళ్ళీ కలుసుకోవాలనుకున్న మొదటి ఏడు, మగవాళ్ళంతా కలిసి ప్రొద్దుటూరులో ఒక బారు మాట్లాడుకున్నారు. ఆ సంగతి తెలిసి ఖమ్రున్నీసా నారాయణకు ఫోను చేసింది. "మీరు బార్లో కూర్చుంటే మేము యాడ కూర్చోవాల? బస్టాండులోనా? మా కార్ఖానాకు రాండి. నీడ ఉండాది, బెంచీలు ఉండాయి, తాగేదానికి సోడా ఉండాది." మగవాళ్ళు కొంచెం గొణిగి ఒప్పుకున్నారు. అది మొదలు ఏటా మే నెలలో ఒక ఆదివారం అందరూ ఇక్కడికే వస్తున్నారు. కువైట్‌లో కరెంటు పని చేసే అన్సర్ సెలవు కూడా ఈ ఆదివారం చూసుకునే పెట్టుకుంటాడు. "మా బ్రూవరీకి పోవాల," అని చెబితే నిజంగా బీరు కార్ఖానా ఉందనే అక్కడివాళ్ళు నమ్ముతారట.

ఒక ఏడు నారాయణ, అన్సర్ ఫోన్ గ్రూపులో రాజకీయాలు మాట్లాడుకుని చెడిపోయారు. వచ్చి చెరో మూలా, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్నారు. ఖమ్రున్నీసా కాసేపు చూసింది. ఒక గోలీసోడా నింపి నారాయణ చేతిలో పెట్టింది.

"సగం నువ్వు తాగి సగం వానికియ్యి. తాగినాక ఆ మాట ఎవరూ మళ్ళీ ఎత్తకూడదు. మీరిద్దరూ తాగేదాకా ఈడ ఎవరికీ సోడా లేదు."

మే నెల జమ్మలమడుగు ఎండలో ఎంతసేపు బిగుసుకుంటారు? ఇద్దరూ తాగారు. తర్వాత నవ్వారు కూడా. అప్పటినుంచీ అదే కట్టుబాటైంది. ఏడాదిలో ఎవరికి ఎవరితో చెడినా ఆ ఆదివారం ఒకే సీసా తాగాలి. గట్టు తగాదాలు, పిల్లల పెళ్ళి దగ్గర వచ్చిన మాటపట్టింపులు, అన్నీ ఆ సీసాలో కరిగిపోయాయి. చదువుకున్న పెద్దమనుషులు పంచాయితీలు చేసి తెంచలేనివి ఈ సోడాల ఆవిడ తెంచింది. ఆమె మొగుడు వలి బాషా కువైట్ పోయినప్పుడు, ఆడమనిషి సోడా మిషను నడుపుతుందా అని నవ్విన ఊరు ఇది. సీసాలు పగిలి చేతులు కోసుకుంటే గుడ్డ చుట్టుకుని మళ్ళీ చక్రం తిప్పింది. ఇప్పుడు పెళ్ళివాళ్ళు ముహూర్తం పెట్టుకోగానే ఆమెకు ఫోన్ చేస్తారు.

అలాంటి మనిషి ఆ పొద్దున సీసాలు కడుగుతూ కడుగుతూ ఒక సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"సుధా, శివ నాకు చేసిన మేలు నీకు తెలుసు గదా."

"తెలుసు."

తెలియకేం. పక్క స్థలం ఆసామి ఈ కార్ఖానా గేటుకు అన్యాయంగా తాళం వేసినప్పుడు, కబురందగానే శివ వచ్చాడు. గేటు ముందర కుర్చీ వేసుకుని పొద్దంతా కూర్చున్నాడు. గొంతు పెంచలేదు, ఎవర్నీ తిట్టలేదు, ఆ ఆసామికి మెత్తగా ఒకే ఒక్క మాట చెప్పాడు. పొద్దు వాలేసరికి ఆ ఆసామే వచ్చి తాళం తీశాడు. శివ అంటే అదీ. ఆస్పత్రి అన్నా, ఆఫీసు అన్నా, ఎవరికి కష్టం వచ్చినా కారు తీస్తాడు. ఊరికంతా మంచివాడు. అలాంటివాడితో ఇంట్లో ఏం కష్టం అంటే ఎవరైనా సుధారాణినే అనుమానంగా చూస్తారు.

"నేను నిన్ను తాగమని చెప్పలేను, తాగొద్దనీ చెప్పలేను," అంది ఖమ్రున్నీసా.

"నువ్వేం చెప్పొద్దు. ఊరికే నా పక్కన ఉండు."

* * *

ఎండ ముదిరేలోగా అందరూ వచ్చేశారు. ఆస్పత్రిలో నర్సుగా చేసే శ్యామలమ్మ డ్యూటీ మార్చుకుని వచ్చింది. అన్సర్ వచ్చీరాగానే చొక్కా విప్పేసి మిషను చక్రం తిప్పడానికి దిగాడు. సీసా తలకిందులై గ్యాసు నిండి, గోలీ మెడలో టక్కున బిగుసుకున్నప్పుడల్లా పిల్లాడిలా "పడె!" అని అరుస్తున్నాడు.

శివ కారు దిగగానే గోల రెట్టింపైంది. డిక్కీ నిండా బేనీషా మామిడిపండ్లు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, భుజం తట్టి, ఇంట్లోవాళ్ళను అడిగాడు. బిస్మిల్లా బీ కాళ్ళ నొప్పులకు మందు కూడా మరిచిపోకుండా తెచ్చాడు. ఆవిడ అతని తల నిమిరి, కోడలివైపు చూసింది. ఇంత బంగారంలాంటి మనిషి అన్న చూపు అది.

సుధారాణి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగాడు.

"ఏం సర్పంచమ్మా, బాగుండావా?"

"బాగుండా శివా."

ఇంట్లో ఆమె ఆయన్ని పేరు పెట్టి పిలవదు. ఏడాదికి ఈ ఒక్క రోజు, పాత క్లాసులో ఉన్నట్టు పిలుస్తుంది. ఎప్పుడూ ఆ పిలుపుకు శివ ముఖం విప్పారుతుంది. ఈసారి విప్పారలేదు.

నారాయణ చప్పట్లు కొట్టాడు. "కూర్చోండి, కూర్చోండి! ముందు తగువు సోడా. ఖమ్రూ, అల్లం సోడా ఒకటి ఇయ్యి."

ఖమ్రున్నీసా సీసా తెచ్చి శివ చేతికిచ్చింది. అందరి ముందూ సీసాలు పెట్టి ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. శివ బొటనవేలితో గోలీ నొక్కాడు. బుస్సుమంది. సగం తాగి, మూతి తుడుచుకుని, నవ్వుతూ సీసా భార్యవైపు చాచాడు.

సుధారాణి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"తీసుకో సుధా," అన్నాడు నారాయణ. "నోరెండిపోతాంది మాకు."

"నారాయణా, ఒకటి అడుగుతా. తాగినాక ఆ మాట మళ్ళా ఎత్తకూడదు, అంతేగదా?"

"అంతే. రూలు అదే గదా."

"అయితే పీర్లచావిడి వీధి పైపు మాట నేను ఇంక ఎప్పటికీ ఎత్తకూడదా?"

నారాయణ బుర్ర గోక్కున్నాడు. "పైపు ఏంది? మీ ఇంట్లో ఏదో మాటా మాటా అనుకున్నారని గదా శివ చెప్పినాడు."

"ఇంటి మాటలు ఈడ ఎందుకులే సుధా," అన్నాడు శివ. గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "తాగు. ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

"ఇది ఇంటి మాట కాదు, వీధి మాట. ఆ వీధికి నీళ్ళు లేవు. నీళ్ళు ఇచ్చినట్టు నేను సంతకం పెట్టాల. పెట్టనంటే ఊరందరి ముందర లేసి పొమ్మంటివి."

 శ్యామలమ్మ తల దించుకుంది. అన్సర్ చక్రం మీది నుంచి చేయి తీశాడు.

శివ ముఖం ఎర్రబడింది. "నేను ఏం చేసినా మన మంచికే చేసినా. కాంట్రాక్టు మనోళ్ళకే ఇచ్చినాం, ఇవాళ కాకుంటే రేపు ఏస్తారు. రాజకీయం అంటే అట్లనే ఉంటాది. నీకు తెల్దు."

"తెల్దు కాబట్టే అడుగుతాండా."

"అరె, ఏందమ్మా ఇది?" నారాయణకు చిరాకొచ్చింది. "ఈ ఇంటికి తాళం పడితే వచ్చి తీయించినోడు వాడు. అట్లాంటి మనిషిని అందరి ముందర నిలబెడతావా? ఖమ్రూ, నువ్వన్నా చెప్పు. ఈ ఆనవాయితీ పెట్టిందే నువ్వు. నువ్వు చెప్తే తాగుతాది."

అందరూ ఖమ్రున్నీసావైపు తిరిగారు. ఆమె అత్త కూడా.

తాగు అంటే ఒక్క మాటతో అయిపోతుంది. నవ్వులు మొదలవుతాయి, పండ్లు కోస్తారు, సాయంత్రం శివ కారులో సుధ వెళ్ళిపోతుంది. వద్దంటే వచ్చే ఏడు ఈ బెంచీలమీద ఎవరైనా కూర్చుంటారో లేదో. ఖమ్రున్నీసాకు భయం వేసింది. పెళ్ళై, మొగుడు దూరమై, పనిలో పడి, తనదంటూ మిగుల్చుకున్న సంతోషం ఏడాదికి ఈ ఒక్క ఆదివారమే.

ఆమె ముందుకు వచ్చి శివ చేతిలోంచి సీసా తీసుకుంది. మిగిలిన సగం తానే గటగటా తాగేసి, ఖాళీ సీసా గంపలో పెట్టింది.

"ఏందే ఇది!" అంది బిస్మిల్లా బీ.

"ఎండకు పెడితే గ్యాసు పోతాది అమ్మీ," అంది ఖమ్రున్నీసా. తర్వాత శివవైపు తిరిగింది.  "ఇద్దరూ సమంగా కూర్చోని కొట్లాడితే అది తగువు. నా సోడా దానికి. ఒకరిని లేసి పొమ్మంటే అది తగువు కాదు శివా. దానికి నా దగ్గర సోడా లేదు."

"నువ్వు కూడానా ఖమ్రూ?"

"నా గేటుకు తాళం వేసిన దినం ఆ ఆసామికి నువ్వేం చెప్పినావో నాకు బాగా గుర్తుండాది. ఎవరి చోట్లో వాళ్ళను కూర్చోనీ పెద్దాయనా, అంటివి. నాకోసం ఎవరూ అంత మంచి మాట అనలేదు. దానికి నేను బతికినంత కాలం నీకు మొక్కుతా. అదే మాట నేను ఈ పొద్దు నీకు చెప్తాండా."

   నారాయణ తన ముందున్న సీసాను ఇటు తిప్పి అటు తిప్పి, దించేశాడు.

"నేను నిన్ను బాగుండావా అని కూడా అడగలేదు సుధా," అన్నాడు. "డాంగిలు అడిగినా. తప్పు నాది."

సుధారాణి కళ్ళల్లో అప్పుడు తిరిగాయి నీళ్ళు. నాలుగు రోజులుగా బిగబట్టినవి.

శివ లేచాడు. "నేను పోతాండా. వచ్చేది ఉంటే రా. రేపు పొద్దునకల్లా ఆ బిల్లు పోకుంటే నా తల యాడ పెట్టుకోవాల్నో నాకు తెల్దు." ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళి కారులో కూర్చున్నాడు. కానీ వెళ్ళలేదు. పక్క తలుపు తెరిచి పెట్టాడు.

సుధారాణి లోపలికి పోయి చేతిసంచి తీసుకొచ్చింది. బిస్మిల్లా బీ అల్లాను తలుచుకుని, "నా తల్లి, మంచి పని చేస్తివి," అంది. శ్యామలమ్మ నిట్టూర్చింది. ఇంతా చేసి చివరికి ఇంటికేనా అని అన్సర్ గొణిగాడు. ఖమ్రున్నీసా మాత్రం స్నేహితురాలి నడక చూసింది. అది ఓడిపోయిన మనిషి నడకలా లేదు.

సుధారాణి కారెక్కి శివ పక్కన కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంటికి కాదు, పీర్లచావిడి వీధికి పోనీ. పైపు యాడ వేసినారో చూపించు. చూసినాక నీ ముందరే డాంగిలు గుచ్చుతా."

శివ ఆమెవైపు తిరిగి చూశాడు. ఈలోగా వెనక తలుపు తెరుచుకుంది. నారాయణ ఎక్కి కూర్చున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్సర్ అతన్ని పక్కకు నెట్టాడు. "జరుగు మామా. నేను కూడా చూడాల. కువైట్‌లో అన్నీ చూసినా గానీ, కంటికి కనపడని పైపు ఇంతవరకు చూడలేదు."

డిక్కీ ధడేలుమంది. మామిడిపండ్లు దించేసిన చోట ఖమ్రున్నీసా సోడాల గంప పెడుతోంది. ఒకటి కాదు, రెండు.

"అవి ఎందుకు?" అన్నాడు శివ అద్దంలోంచి చూస్తూ.

"నీళ్ళు లేని వీధికి ఎండలో పోతాండారు. వట్టి చేతుల్తో ఎట్ల పోతారు?" ఖమ్రున్నీసా వచ్చి అన్సర్ పక్కన ఇరుక్కుని కూర్చుంది. కార్ఖానా వదిలి ఆమె ఊరు దాటి ఎన్నేళ్ళైందో. వాకిట్లో నిలబడ్డ బిస్మిల్లా బీ నోరు తెరిచి, కోడలి ముఖం చూసి, ఏమనుకుందో ఏమో, "బిరీన వచ్చేయ్. ఇల్లు నేను చూసుకుంటా," అంది.

కారు నిండింది. తాళంచెవి మీద శివ చేయి అలాగే ఉంది. నుదుటి చెమట చెంపమీదికి కారుతోంది. స్నేహితులు ఉన్నారన్న సంగతి మరిచిపోయినట్టు, భార్యకు మాత్రమే వినబడేట్టు అన్నాడు.

"ఆడ చూసేదానికి ఏమీ లేదు సుధా."

"తెలుసు," అంది సుధారాణి. "పోనీ."